తెలియదనే సాక్ష్యం

టైలరమ్మ మొండి మనిషని ఆ సంఘంలో అందరికీ తెలుసు. కానీ నడుం లోతు నీళ్లలో నిలబడి, నిండు సభలో, సొంత అన్నయ్యతోనే పేచీకి దిగుతుందని మాత్రం ఎవరూ అనుకోలేదు.

ఆ రోజు ఆమెకు బాప్తిస్మం. వేదిక మీది చెక్కలు తీస్తే కింద సిమెంటు తొట్టి ఉంటుంది. ఆ సంఘం పద్ధతి ఏమిటంటే, బాప్తిస్మం పొందే మనిషి ముందు ఒంటరిగా ఆ నీళ్లలోకి దిగి, అక్కడినుంచే సాక్ష్యం చెప్పాలి. అది విని సంఘ పెద్ద తల ఊపితే అప్పుడు పాస్టరు గారు దిగి ముంచుతారు. ఆ పెద్ద మరెవరో కాదు, ఆమె అన్నయ్యే. వరసలో మొదటి మనిషి ఆమె. వెనకాల తెల్లబట్టల్లో ఇంకొందరు నిలబడి ఉన్నారు. ఆ బట్టలు కుట్టిందీ ఆమే.

"పాపం అంటే ఏంటి?" అన్నయ్య అడిగాడు.

"దేవుడికి వీపు తిప్పి నా ఇష్టం వచ్చినట్టు పోవడం."

"మారుమనస్సు?"

"అలా పోతున్నదాన్ని ఆగి వెనక్కి తిరగడం. ఏడుస్తూ కూచుంటే చాలదు, తిరగాలి."

"కృప?"

"మనకి ఏ అర్హతా లేకపోయినా దేవుడు ఇచ్చేది."

అంతవరకూ బండి సాఫీగానే నడిచింది. పాస్టరు గారు అప్పుడే చెప్పులు కూడా విడిచేశారు. అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఇక రక్షణ. నువ్వు రక్షణలోకి వచ్చావు. మరి విశ్వాసం లేకుండా పోయిన మీ ఆయన?"

దీనికి జవాబు అన్నయ్య ఇంట్లోనే నేర్పించాడు. నా భర్త పాపంలో చనిపోయి నశించాడు, ప్రభువు నన్ను రక్షించాడు. ఒక్క వాక్యం. చిలకలా అప్పజెప్పేస్తే పని అయిపోయేది.

ఆమెకు ఆయన గుర్తొచ్చాడు. భర్త ప్లంబరు. దేవుడు లేడని అనలేదు, ఉన్నాడనీ అనలేదు. ప్రతి ఆదివారం ఆమెను బండి మీద దింపి, ఆరాధన అయ్యేదాకా గేటు బయట పేపరు చదువుకునేవాడు. ఈ తొట్టి కారుతోందంటే వచ్చి బాగుచేసి, "మీ దేవుడికి నీళ్ల వాడకం కాస్త ఎక్కువే" అని నవ్వాడు. ఆస్పత్రిలో చివరిసారి ఆమె ప్రార్థన చేస్తుంటే కళ్లు మూసుకున్నాడు. నమ్మి మూసుకున్నాడో, నీరసంతో మూసుకున్నాడో ఆమె అడగలేదు. ఆ తరవాత అడిగే వీలే లేకపోయింది.

"నాకు తెలీదు," అంది.

బల్లల మీద గుసగుసలు మొదలయ్యాయి.

"తెలీకపోవడమేంటి? నేర్పాను గదా."

"నువ్వు నేర్పావు. అయినా నాకు తెలీదు అన్నయ్యా. నీకూ తెలీదు. తీర్పు దేవుడిది అంటావు, మళ్లీ ఆ కుర్చీలో నన్ను కూచోమంటావు."

"అయితే పైకి రా. ఈసారికి నీకు బాప్తిస్మం లేదు."

"రాను."

పాస్టరు గారు కుర్రాయన. సంఘ పెద్దకు ఎదురు చెప్పిన పాపాన పోలేదు. అటూ ఇటూ చూసి, "నీళ్లు చల్లగా ఉన్నాయమ్మా, జ్వరమొస్తుంది," అన్నారు.

"రానివ్వండి. మా ఆయన్ని నరకంలోకి నెట్టి, ఆయన భుజం మీద కాలేసి పైకెక్కే రక్షణ నాకొద్దు. నేను ఇక్కడే ఉంటాను. మీరే దిగండి."

అన్నయ్య మొహం కందగడ్డలా అయింది. "నేను అనలేదా? ఇదే తొట్టిలో నిలబడి నాన్న నశించాడని అనలేదా? అమ్మ ఎదురుగా కూచుని వింటుంటేనే అన్నాను. నాకు మాత్రం బాధ లేదా?"

ఆమెకు ఆ రోజు బాగా గుర్తుంది. ఆ తరవాత అమ్మ కొడుక్కి ఏ లోటూ చేయలేదు. వేళకు వండి పెట్టింది, జబ్బు చేస్తే పక్కన కూచుంది. కానీ పోయేదాకా అతని ముందు నాన్న ఊసెత్తలేదు.

"అన్నావు," అంది. "అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్లిపోయింది. అందుకే నేను అనను."

అన్నయ్య తల ఊపలేదు. పాస్టరు గారు ఆయన వైపు చూడకుండానే, ఒక్కో మెట్టూ దిగుతూ నీళ్లలోకి వచ్చారు.

"యేసుక్రీస్తును మీ రక్షకుడిగా నమ్ముతున్నారా అమ్మా?"

"నమ్ముతున్నాను. మా ఆయన్ని కూడా ఆయన చేతుల్లోనే పెట్టాను. అక్కణ్నుంచి తీయమంటే తీయను."

తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో పాస్టరు గారు ఆమెను ముంచి లేపారు. చెవుల్లో నీళ్లు, కళ్లల్లో నీళ్లు. గెలిచానన్న సంతోషం, అన్నయ్య మీద కోపం రెండూ కలిసి ముంచుకొచ్చాయి. మెట్ల దగ్గరికి వచ్చేసరికి అన్నయ్య తొట్టి అంచున గొంతుక్కూచుని చెయ్యి అందిస్తున్నాడు.

"నాన్న గురించి," అన్నాడు ఆమెకు మాత్రమే వినపడేట్టు, "నేను కూడా తెలీదని అనొచ్చంటావా?"

ఆమెకు జాలేసింది. అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది, కానీ పైకి ఎక్కలేదు.

"అనొచ్చు అన్నయ్యా. నా చెవిలో మాత్రం కాదు. ఆ రోజు ఎంత గట్టిగా అన్నావో, అంత గట్టిగా అను."