బరువైన ట్రిగ్గర్

"మ్యాగజైన్ తీసినంక అది పేలదు," అన్నాడు మల్లికార్జునరావు మళ్లీ. "పేలే చాన్సే లేదు."

బీరు పెట్టెలకు వీపు ఆనించి నేల మీద కూర్చున్న ఈశ్వరయ్య ఔనన్నట్టు తల ఊపాడు. ఆ గదిలో ఆ మాట మొదట చెప్పింది అతనే. ప్రతి ఆదివారం చెబుతూనే ఉన్నాడు. ఇప్పుడు అతని కడుపు మీద కౌంటర్ తుడిచే నీలం తువ్వాలు ఉంది. దాన్ని రెండు చేతులతో నొక్కి పట్టుకున్నాడు. తువ్వాలు రంగు నడిమధ్య నుంచి మారుతోంది.

పిస్టల్ ఇంకా రాజ్ చేతిలోనే ఉంది. వేడి గిన్నె పట్టుకున్నవాడిలా దాన్ని ఒంటికి దూరంగా పట్టుకున్నాడు.

"కింద పెట్టు ముందు," అన్నాడు మల్లికార్జునరావు.

"ఎక్కడ పెట్టనండీ?"

"నా నెత్తి మీద పెట్టు. ఫ్రీజర్ మీద పెట్టరాదూ?"

రాజ్ పెట్టాడు. ప్యాంటుకు చేతులు తుడుచుకున్నాడు. ముప్పై దాటని మనిషి. కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "911కి కాల్ చేసి అంబులెన్స్ పిలుద్దామండీ," అన్నాడు.

"చేద్దాం. ఒక్క నిమిషం ఆగు. ఏం చెప్పాలన్నది ముందు అనుకుందాం."

"నేను నొక్కానని చెప్తే నా పని అయిపోయినట్టే. హెచ్-వన్ వీసా మీద ఉన్నవాడు హంటింగ్ లైసెన్స్ లేకుండా గన్ ముట్టుకోకూడదని లాయర్ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఇంట్లో నా భార్య ప్రియకి ఏడో నెల."

"నువ్వు నొక్కినవని ఎవరన్నరు?" మల్లికార్జునరావు గొంతు తగ్గించాడు. "తుడుస్తుంటే పేలింది. ఈశ్వరయ్యే తుడుస్తుండె. రోజూ తుడుస్తడు గద. ఏం ఈశ్వరయ్యా?"

"రోజూ కాదు బావా," అన్నాడు ఈశ్వరయ్య. "ఆదివారం ఒక్కటే."

తెల్లారి లేచినప్పుడు ఈ ఆదివారానికీ కిందటి ఆదివారానికీ తేడా ఏమీ లేదు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మల్లికార్జునరావు ఇంటి బేస్‌మెంట్‌లో, నీళ్లు వేడిచేసే ట్యాంకు పక్కన ఈశ్వరయ్య దంపతుల మంచం. దాని పక్కన అతని భార్య పద్మ కుట్టు మిషను. మిషనుకు ఎదురుగా మల్లికార్జునరావు పనిముట్లు పెట్టుకునే బల్ల. పద్మకు ఆయన స్వయానా అన్న. ఆయన వేసిన కాగితాల మీదే భార్యాభర్తలిద్దరూ అమెరికాకు వచ్చారు. పై ఇంట్లో గదులు ఖాళీగానే ఉన్నా, వాటి ప్రస్తావన ఎవరూ తేలేదు.

ఈశ్వరయ్య టీ తాగుతుండగా పద్మ ఒక ఇనుప ముక్క తెచ్చి చూపించింది.

"ఇది మిషన్ల నుంచి ఊడినట్టుంది. మొన్న అన్న బల్ల కింద ఊడుస్తుంటే దొరికింది. కానీ మిషన్ బాగనే కుడుతుంది."

చిటికెనవేలి గోరంత ముక్క. ఒక కొస కొక్కెంలా వంగి ఉంది. ఈశ్వరయ్య దాన్ని బల్బు కిందికి తీసుకెళ్లి ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. దగ్గరి చూపు అతనికి ఎప్పుడో పోయింది. కళ్లద్దాలు స్టోర్‌లో ఉన్నాయి.

"ఏందో సమజైతలేదు. స్టోర్ల జూస్త," అని చొక్కా జేబులో వేసుకున్నాడు.

మల్లికార్జునరావు స్టోర్ గ్రాండ్ రివర్ అవెన్యూ మీద డెట్రాయిట్ వైపు ఉంది. బీరు, సిగరెట్లు, లాటరీ టికెట్లు, పాలు. ఈశ్వరయ్య తాళం తీశాడు. నేల తుడిచాడు. కాఫీ పెట్టాడు. డిపాజిట్ డబ్బుల కోసం జనం తిరిగి తెచ్చే ఖాళీ డబ్బాలను సంచుల్లో నింపి వెనక గదిలో పేర్చాడు. డబ్బాల అడుగున మిగిలిన తీపి నీళ్లు వేళ్లకు అంటుకుని, ఏ సబ్బుకూ పోని జిగట అతని చేతులకు మిగిలింది. అతను పొట్టి మనిషి. పెట్టెలు మోసి మోసి ఎడమ భుజం కిందికి జారింది. చెవులు పెద్దవి. వాటి మీదికి ఉన్ని టోపీ లాక్కుంటే, కౌంటర్ వెనక మనిషి ఉన్నాడా లేడా అని చాలామంది చూసుకోరు కూడా. అద్దాలు క్యాష్ రిజిస్టర్ పక్కనే ఉన్నాయి. వాటిని జేబులో పడేసుకున్నాడు. ఇనుప ముక్క సంగతి పొద్దుటి గిరాకీలో మరిచిపోయాడు.

కౌంటర్ కింద అరలో పిస్టల్ ఉంది. పేరు బ్రాంట్ నైన్. నల్లటి పాలిమర్ ఒళ్లు, పైన ఉక్కు. లోపల ఒక తూటా ఎప్పుడూ సిద్ధంగా ఉండాలన్నది మల్లికార్జునరావు రూలు. అది చవకలో దొరికిందని ఆయన కొన్నాడు. కొన్న రోజు నుంచీ దాన్ని తిట్టనివాడు లేడు. ట్రిగ్గర్ మరీ బరువు. నొక్కడం మొదలుపెడితే ఎంతకీ తెగదు.

దాన్ని వెనకేసుకొచ్చేది ఈశ్వరయ్య ఒక్కడే. ఎందుకో ఎవరికీ చెప్పలేదు, పద్మకు కూడా. ఒక చలికాలం, టోపీ కళ్ల దాకా లాక్కున్న మనిషి ఒకడు కౌంటర్ ముందు నిలబడి, మాట్లాడకుండా కోటు జేబులో చెయ్యి పెట్టాడు. అంతకు కొద్ది రోజుల ముందే అదే వీధిలో ఒక స్టోర్‌లో మనిషిని కాల్చేశారు. ఈశ్వరయ్య కౌంటర్ కింద పిస్టల్ అందుకుని, చెక్క పలక వెనక నుంచే ఆ మనిషి వైపు తిప్పి నొక్కడం మొదలుపెట్టాడు. ట్రిగ్గర్ కదులుతోంది. ఇంకా కదులుతోంది. సగం దాటింది. ఆ మనిషి చెయ్యి బయటికొచ్చింది. చేతిలో ఖాళీ సీసాలు వేసినందుకు మిషన్ ఇచ్చిన చీటీ ఉంది. ఈశ్వరయ్య వేలు వదిలేశాడు. చీటీ తీసుకున్నాడు, చిల్లర ఇచ్చాడు. "హ్యావ్ ఎ గుడ్ డే," అని వాడు వెళ్లిపోయాడు.

బోధన్‌లో ఉన్నప్పుడు ఈశ్వరయ్య చెరకు బండ్లు తూచేవాడు. ఏ వస్తువుకైనా బరువు ఉండటంలో ఒక న్యాయం ఉందని అతనికి నమ్మకం. ఈ పిస్టల్ బరువు అతన్ని హంతకుడు కాకుండా ఆపింది.

ప్రతి ఆదివారం ఫుట్‌బాల్ ఆట చూడటానికి రాజ్ వచ్చేవాడు. మల్లికార్జునరావుతో కలిసి వెనక గదిలో పాత టీవీ ముందు కూర్చునేవాడు. గిరాకీ లేనప్పుడు ఈశ్వరయ్య పిస్టల్ తెచ్చి తుడుస్తూ నిలబడేవాడు. వాదన మొదలయ్యేది. రాజ్‌కు సొంత తుపాకీ లేదు గానీ, ఇంటర్నెట్‌లో చదవని తుపాకీ లేదు.

"ఇది పిస్టల్ కాదంకుల్, స్టేప్లర్," అన్నాడు ఈ రోజు కూడా. అప్పుడే పిస్టల్ తెచ్చిన ఈశ్వరయ్య ఇంకా గుడ్డ కూడా తీయలేదు. "పోలీసులు వాడేది చూడండి. వేలు తగిలితే చాలు."

"వేలు తగిలితే చాలు అనేటోడు ఆఫీసుల కూసుంటడు. కౌంటర్‌ల నిలబడడు," అన్నాడు ఈశ్వరయ్య. "ఇది నొక్కుతుంటే మనిషికి సోచాయించుకునే టైమ్ ఇస్తది."

"ఎదుటివాడికి కూడా ఇస్తుంది కదా. వాడు టీ తాగొచ్చి మరీ కాలుస్తాడు."

మల్లికార్జునరావు మిక్స్చర్ నములుతూ నవ్వాడు. "తుపాకికి సుతా ఈశ్వరయ్య లెక్కనే నిదానం కావాలె."

"నిదానం ఒక్కటే కాదు," ఈశ్వరయ్య పిడిలోంచి తూటాల మ్యాగజైన్ బయటికి లాగాడు. "లోపల తూటా ఉండనీ. మ్యాగజైన్ లేకుంటే పేలదు. లోపల అడ్డం ఒకటి ఉంటది. మీ పోలీసోళ్ల దాంట్ల ఉన్నదా గది? పిల్లలున్న ఇంట్ల..."

"ప్రతివారం మీరే నొక్కుతారు, మీరే పేల్లేదంటారు. అందులో మ్యాజిక్ ఏముంది? మీరు సరిగా నొక్కుతున్నారో లేదో ఎవరికి తెలుసు?"

"అయితే నువ్వే నొక్కు." ఈశ్వరయ్య పిస్టల్‌ను అతని చేతిలో పెట్టి, దాని మూతిని తన కడుపు వైపు తిప్పుకున్నాడు. "ఇగో. భయపడకు."

మల్లికార్జునరావు టీవీ మీంచి తల తిప్పాడు. పిస్టల్ చూశాడు. ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచాడు. అప్పుడే డెట్రాయిట్ జట్టు లయన్స్ ఆటగాడు ఒకడు బంతి జారవిడిచాడు. ఆయన తల మళ్లీ టీవీ వైపు తిరిగింది.

రాజ్ నొక్కాడు. నిజంగానే వేలు తగిలితే చాలింది.

*

ముందు గదిలో గంట మోగింది. ఎవరో గిరాకీ వచ్చారు.

"నేను పోయొస్త," అన్నాడు మల్లికార్జునరావు. "ఎవరూ లేకుంటే వెనక్కి తొంగిచూస్తరు." చొక్కా సర్దుకుని వెళ్లాడు. తలుపు అవతల ఫ్రిజ్ తెరిచిన చప్పుడు, రిజిస్టర్ చప్పుడు వినిపించాయి. లాటరీ టికెట్ ఏ నంబర్లతో కావాలో అడుగుతున్నాడు. లయన్స్ గురించి ఏదో అన్నాడు. గిరాకీ నవ్వాడు. ఆయనా నవ్వాడు.

ఈశ్వరయ్యకు చలి వేస్తోంది. ఫ్రీజర్ మీద ఉన్న పిస్టల్ మసకగా కనిపిస్తోంది. దాన్ని సరిగా చూడాలనిపించింది. ఒక చెయ్యి తీసి, అలవాటు కొద్దీ అద్దాల కోసం చొక్కా జేబులో పెట్టాడు. అద్దాలతో పాటు ఇనుప ముక్క చేతికి వచ్చింది.

అద్దాలు పెట్టుకుని ముక్కను చూశాడు. ఈసారి ఒక్క చూపు చాలింది. పిస్టల్ విప్పి తుడిచినప్పుడల్లా చూసిందే అది.

అతని ముఖం చూసి రాజ్ భయపడ్డాడు. ఆ ముఖంలో ఉన్నది సంతోషం.

"రాజ్ బాబూ, చూసినవా," అన్నాడు ఈశ్వరయ్య. "తుపాకిది తప్పు లేదు. అడ్డం ఇదే. ఎవరో ఊడబీకిన్రు."

"అంకుల్, ప్లీజ్. మాట్లాడకండి."

"తప్పు దానిది కాదు. నీది సుతా కాదు."

మల్లికార్జునరావు తిరిగొచ్చాడు. ఈశ్వరయ్య తలెత్తి చూశాడు. "బావా, ట్రిగ్గర్ ఎందుకు అల్కగైంది?"

"ఇప్పుడా ఆ మాట?"

"చెప్పు బావా."

"నా వేలు నొస్తుండె. వీడియో చూసి స్ప్రింగ్ మార్చిన, అడ్డం పీకేసిన. అందరూ చేసుకుంటరు. నా తుపాకి, నా ఇష్టం."

"నాకు చెప్పకపోతివి."

"నీకు చెప్పుడేంది? యాదికి రాలే." అప్పుడు ఆయనకు ఈశ్వరయ్య చేతిలోని ముక్క కనిపించింది. "గదెక్కడిది? ఇటియ్యి."

ఈశ్వరయ్య దాన్ని మళ్లీ జేబులో వేసుకున్నాడు. మల్లికార్జునరావు వంగి చెయ్యి చాపాడు. చొక్కా జేబు దాకా తడిసి ఎర్రగా అతుక్కుపోయి ఉంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ తర్వాత గానీ 911కి ఫోన్ వెళ్లలేదు. ఫోన్ చేసే ముందు మల్లికార్జునరావు పిస్టల్ తుడిచాడు. నూనె సీసా, గుడ్డ తెచ్చి ఈశ్వరయ్య కాళ్ల దగ్గర పెట్టాడు. గుడ్డ కాస్త పక్కకు జరిపి చూసి, మళ్లీ సర్దాడు.

అంబులెన్స్‌లో ఒకామె ఈశ్వరయ్య మీదికి వంగి, ఎవరు కాల్చారని అడిగింది.

"ట్రిగ్గర్," అన్నాడతను ఇంగ్లీషులో. "హెవీ మేడమ్. వెరీ గుడ్ గన్."

ఆమె సరే సార్ అంటూ అతని బుగ్గ మీద తట్టింది. ఇంకో ప్రశ్న అడిగేసరికి జవాబు చెప్పడానికి మనిషి లేడు.

*

ఆసుపత్రి గదిలో పద్మకు కుర్చీ ఇచ్చారు. మల్లికార్జునరావు ఆమె వెనక నిలబడ్డాడు. రాజ్ గోడ దగ్గర. ఎదురుగా ఇద్దరు పోలీసు అధికారులు. ఒకతను ప్లాస్టిక్ సంచీలో ఉన్నవి ఒక్కొక్కటిగా బల్ల మీద పెట్టాడు. కళ్లద్దాలు. స్టోర్ తాళాలు. ఇనుప ముక్క.

"ఇదేమిటో తెలుసా?" అని పద్మను అడిగాడు.

"కుట్టు మిషన్‌దని చెప్పు," అన్నాడు మల్లికార్జునరావు తెలుగులో, మెల్లగా.

రెండో అధికారి ముక్కకేసి వంగి చూశాడు. ఇది పిస్టల్ లోపలిది, కావాలనే తీసేశారు, ఇది ఉండి ఉంటే మీ ఆయన బతికేవాడు అన్నాడు. ఎవరు తీశారు, ఆయనేనా అని అడిగాడు.

"యెస్ ఆఫీసర్," మల్లికార్జునరావు అందుకున్నాడు. "ఎప్పుడూ దాంతోనే ఆడుకునేవాడు. ఎన్నోసార్లు చెప్పాను."

పద్మ ముక్కనే చూస్తోంది. పొద్దున ఈశ్వరయ్య దాన్ని బల్బు కింద ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఏందో సమజైతలేదన్నాడు. తీసినవాడైతే చేతికి తగలగానే తెలిసేది. ఇది దొరికింది మిషన్ కింద కాదు, బల్ల కింద. ఆ బల్ల దగ్గర కూర్చునే మనిషి ఒక్కడే.

ఆమె రాజ్ వైపు చూసింది. రాజ్ తన బూట్లకేసి చూసుకున్నాడు.

"ఆయనే తీసిండని చెప్పు పద్మా," అన్నాడు మల్లికార్జునరావు. గొంతులో కోపం లేదు, నచ్చజెబుతున్నట్టు ఉంది. "రేపటి సంది యాడుంటవో జర సోచాయించుకో. ఆయన ఎట్లనూ పాయె. ఆయనదే తప్పంటే ఎవరికేం నష్టం?"

అతనేమంటున్నాడని అధికారి అడిగాడు.

పద్మ లేచి నిలబడింది. ఇంగ్లీషు ఆమెకు అంతంత మాత్రం. కానీ చెప్పాల్సింది ఒక పేరే.

"మల్లికార్జునరావు," అంది. వేలు వెనక్కి తిప్పి చూపించింది. "మై బ్రదర్."

బల్ల మీద ఇనుప ముక్క లైటు కింద ఉంది. వంగిన కొక్కెం వెళ్లి కళ్లద్దాల కాడకు తగులుకుంది. దాన్ని విడదీయడానికి అధికారి తడుముకుంటున్నాడు.