నీలం నీళ్ళ సీసాలు

వంతెన కొట్టుకుపోయిన వరద వచ్చిందే, ఆ మరుసటి ఏడు జరిగిందిది. అప్పటికింకా వంతెన కట్టలేదు. కరెంటు స్తంభాలు సగం ఒరిగే ఉన్నాయి. కరెంటు చుట్టపుచూపుగా వచ్చి పోయేది.

ఏటికి ఇవతల ఉన్నది ఒకటే ఆసుపత్రి. ఆసుపత్రి అంటే మూడు గదులు, ఒక వరండా. ముందు గదిలో డాక్టరమ్మ చూస్తుంది, మధ్య గదిలో నర్సమ్మ కట్లు కడుతుంది, వెనక గదిలో ఫ్రిజ్ ఉంటుంది. పసిపిల్లలకు వేసే టీకా మందులన్నీ అందులోనే. ఆ ఫ్రిజ్ బాధ్యత గడియారానిది.

గడియారం అంటే మనిషే. పొద్దున ఎనిమిదింటికి, సాయంత్రం ఐదింటికి ఫ్రిజ్ తలుపు తీసి, లోపలి థర్మామీటరు చూసి, రిజిస్టరులో అంకె వేసి సంతకం చేస్తాడు. పదకొండేళ్ళుగా ఒక్క పూట తప్పలేదు. అందుకని ఎవరో ఆ పేరు పెట్టారు. అసలు పేరు జనం మరిచిపోయారు. చదివింది మూడో తరగతి. మాట్లాడేది అంతకన్నా తక్కువ. ఈయనతో కాపురం చేస్తే గోడకు కూడా విసుగు పుడుతుందని భార్య నలుగురిలో అనేది. దానికీ ఆయన ఏమీ అనేవాడు కాదు.

ఆ మందులకు వేడి పడదు. రెండుకు తగ్గకూడదు, ఎనిమిది దాటకూడదు. దాటినా మందు చూడటానికి అలాగే ఉంటుంది. బిడ్డకు పొడుస్తారు, బిడ్డ ఏడుస్తుంది, తల్లి ఊరుకోబెడుతుంది. లోపల మాత్రం పనిచేయదు. ఆ సంగతి బిడ్డకు జబ్బు చేసిననాడే తెలిసేది. డాక్టరమ్మ వాళ్ళ నాన్న, పోయిన పెద్ద డాక్టరు, ఈ పని అప్పగించిన రోజున గడియారానికి చెప్పింది ఇంతే. ఆయనకు అది చాలింది.

ఇంకొకటి కూడా పెద్ద డాక్టరు చేసి చూపించాడు. ఫ్రిజ్ అడుగు అరలో పన్నెండు నీళ్ళ సీసాలు పెట్టాలి. ఆ నీళ్ళు చల్లబడి ఉంటే కరెంటు పోయినా చల్లదనం నిలుస్తుంది. దాహమేసినవాళ్ళు తాగేయకుండా ఒక్కో సీసాలో నాలుగు చుక్కల నీలం సిరా వేసేది మాత్రం గడియారం సొంత తెలివి. ఆ సీసాలు దేనికని ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఆ ఏడు పైనుంచి కబురొచ్చింది. చిన్న ఆసుపత్రులన్నిటినీ తనిఖీ చేస్తారట. పద్ధతిగా ఉన్నచోటే టీకాలు వేయనిస్తారట. ఇక్కడ ఆపేస్తే తల్లులు పసిబిడ్డలను చంకనేసుకుని పడవెక్కి ఏరు దాటాలి.

డాక్టరమ్మ తమ్ముడు ఆఫీసు పని చూసేవాడు. మంచివాడే గాని కాలు ఒకచోట నిలవదు. వారం రోజులు ఆసుపత్రిని ఎత్తి కుదేసినంత పని చేశాడు. తనిఖీకి ముందురోజు, గడియారం ఐదింటి అంకె వేసి ఇంటికెళ్ళాక, ఫ్రిజ్ తెరిచి చూశాడు. మందుల కింద పాత సీసాలు, రంగు మారిన నీళ్ళు. ఇది ఆసుపత్రా, సోడా కొట్టా అనుకున్నాడు. పన్నెండింటినీ తీసుకెళ్ళి పెరట్లో మూలన పడేసి, ఫ్రిజ్‌ను అద్దంలా తుడిచి, తన పనికి తనే మురిసిపోతూ ఇల్లు చేరాడు. ఆ రాత్రి కరెంటు పోయింది.

పొద్దున ఎనిమిదింటికి గడియారం తలుపు తీశాడు. అడుగు అర ఖాళీ. థర్మామీటరు పద్నాలుగు దగ్గరుంది. తలుపు మూసి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ తీసి చూశాడు. పద్నాలుగే.

వెనకే వచ్చిన తమ్ముడు కూడా చూశాడు. సీసాలు తనే తీశానని, అవి దేనికో తెలియదని గొణిగాడు. గడియారం రిజిస్టరు తెరిచి కలం మూత తీశాడు. తమ్ముడు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"బాబాయ్, ఐదు వెయ్యి. మందులు పక్కన పడేద్దాం, ఇంకెప్పుడో మార్చుకుందాం. అంకె మాత్రం ఐదు వెయ్యి. పదింటికి వాళ్ళొస్తున్నారు. పద్నాలుగు చూస్తే మన పని అయిపోయినట్టే. వాళ్ళందరినీ పడవెక్కిస్తావా?"

వాళ్ళందరూ అంటే వరండాలోవాళ్ళు. అప్పటికే తొమ్మిదిమంది తల్లులు బల్లల మీద కూర్చున్నారు. ఒక బిడ్డ తన కాలి బొటనవేలు తనే పట్టుకుని అదేదో కొత్త వస్తువైనట్టు చూసుకుంటోంది. పడవ ఎలా ఊగుతుందో గడియారానికి తెలుసు. తమ్ముడు అన్నది అబద్ధం కాదు.

"ఐదు వేస్తే మందు మంచిదనే కదా బాబూ," అన్నాడు నెమ్మదిగా. "మంచిదైతే ఈ పిల్లలకు పొడవాలి. నువ్వు పొడిపిస్తావా?"

తమ్ముడు చెయ్యి వదిలేశాడు. గడియారం పద్నాలుగు వేసి సంతకం చేశాడు. ఎప్పటికంటే అంకె కాస్త పెద్దగానే పడింది. మందు సీసాలన్నీ ఒక సంచిలో వేసి మూతి కట్టి, వాడొద్దు అని చీటీ రాసి అంటించి, వెళ్ళి డాక్టరమ్మకు చెప్పాడు.

డాక్టరమ్మ తమ్ముడి వైపు ఒక్క చూపు చూసింది. కేకలేయలేదు. తనే వరండాలోకి వెళ్ళి, మందు తేడా చేసిందేమోనని అనుమానంగా ఉందని, ఈరోజు టీకాలు వేయడం లేదని ఉన్నమాట చెప్పింది. ఇంత దూరం నడిచొచ్చామే అని ఒకామె నొచ్చుకుంది. మనవణ్ణి ఎత్తుకున్న ముసలామె ఒకతె, "ఏం, ఫ్రిజ్‌కు జ్వరమొచ్చిందా డాక్టరమ్మా?" అంది.

"జ్వరమేనమ్మా. తగ్గాక కబురంపిస్తాను."

తనిఖీకి వచ్చినాయన బక్కపలచని మనిషి. పడవ దిగేటప్పుడు ప్యాంటు మోకాళ్ళదాకా తడిసింది. టీ వద్దన్నాడు, కుర్చీ వద్దన్నాడు. చేతులు కడిగే చోట సబ్బుందా, వాడిన సూదులు ఏ డబ్బాలో వేస్తున్నారు, మందుల గడువు తేదీలు దాటాయా, అన్నీ చూశాడు. తమ్ముడు కొత్తగా సున్నం కొట్టించిన గోడల వంక కన్నెత్తి చూడలేదు. చివరికి రిజిస్టరు అడిగాడు.

ఈరోజు పేజీతోనే మొదలుపెట్టాడు. పద్నాలుగు దగ్గర వేలు పెట్టి, కట్టిన సంచి చూసి, పేజీలు వెనక్కి తిప్పుకుంటూ పోయాడు. వరద నాటి పేజీలు తడిసి ఉబ్బి ఉన్నాయి. ఆరు, ఏడు, ఏడు, ఎనిమిది.

వరదప్పుడు నాలుగు రోజులు కరెంటు లేదు కదా, చల్లదనం ఎలా నిలిచిందని అడిగాడు. గడియారం పెరట్లోకి వెళ్ళి ఒక నీలం సీసా తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"మరి నిన్న ఒక్క రాత్రికే పద్నాలుగు ఎందుకైంది?"

గడియారం తల వంచుకున్నాడు. తమ్ముడే ముందుకొచ్చాడు. "నేనే తీసేశాను సార్. దేనికో తెలియక."

ఆయన గడియారం వైపు తిరిగాడు. "ఈయనకు మీరు చెప్పలేదా?"

"అడగలేదండి."

"నర్సుకు?"

"అడగలేదండి."

ఆయన రిజిస్టరు మూశాడు. "పెద్దాయనా, ఈ పద్నాలుగు చూశాకే మీ మిగతా అంకెలు నమ్మాను. కాని రేపు మీరు మంచాన పడితే ఈ ఫ్రిజ్‌ను ఎవరు చూస్తారు? పద్ధతంతా మీ బుర్రలో దాచుకున్నారు. అది మీ పద్ధతి అవుతుంది గాని ఆసుపత్రి పద్ధతి కాదు."

ఆ మాట గడియారానికి సూటిగా తగిలింది. తప్పంతా తమ్ముడిదేనని పొద్దుటినుంచి లోలోపల అనుకుంటున్నాడు మరి. సగం తనదని ఇప్పుడు తెలిసింది.

తనిఖీకి వచ్చినాయన తేల్చింది ఇది. ఆ సంచి తను పట్టుకెళ్తాడు. రేపు మధ్యాహ్నం కొత్త మందులు మనిషితో పంపిస్తాడు. ఆ మనిషి వచ్చేసరికి సీసాలు ఫ్రిజ్‌లో ఉండాలి, ఎవరు చదివినా చేయగలిగేట్టు ఒక కాగితం ఫ్రిజ్ మీద ఉండాలి. ఉంటే అనుమతి, లేకుంటే లేదు.

కరెంటు వచ్చాక ఆ పూటే సీసాలు కడిగి, నింపి, సిరా చుక్కలు వేసి లోపల పెట్టేశారు. తమ్ముడే మోశాడు. ఇంటికెళ్ళి గడియారం జరిగిందంతా మొదటినుంచి చివరిదాకా భార్యకు చెప్పాడు. ఆమె దగ్గరకొచ్చి ఆయన నుదురు తాకి చూసింది. వేడేమీ లేదు.

మర్నాడు పొద్దున ఆయన ఏడింటికే వచ్చాడు. వెనక గదిలో స్టూలు మీద కూర్చుని తెల్లకాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలు రాశాడు. మూడు కాగితాలు పాడయ్యాయి, నాలుగోది నిలిచింది. నీలం సీసాలు పన్నెండు ఉండాలి. తీయకూడదు. కరెంటు పోయినప్పుడు మందును కాపాడేవి ఇవే. కరెంటు లేనప్పుడు అంకె వేసే రెండు పూటలా తప్ప తలుపు తీయకూడదు. ఎనిమిది దాటితే ఉన్న అంకే వెయ్యాలి, మందు కట్టేయాలి, డాక్టరమ్మకు చెప్పాలి.

అది ఫ్రిజ్‌కు అంటించి నర్సమ్మను, తమ్ముణ్ణి పిలిచాడు. నేను లేననుకోండి అని చెప్పి, కలం తమ్ముడి చేతిలో పెట్టి, వరండాలోకి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

లోపల తలుపు తీసిన చప్పుడైంది, మూసిన చప్పుడైంది.

"ఆరు బాబాయ్," అన్నాడు తమ్ముడు. "వేసేశాను."

ఒక్కసారి తనూ తలుపు తీసి చూసుకుందామని గడియారానికి ప్రాణం లాగింది. ఊరికే తీస్తే చల్లదనం పోతుందని అక్కడే నిలబడ్డాడు.