వరండాలో నీడలు

వంట కాగానే ఉదయశ్రీ వరండా పక్క గదిలో కంప్యూటర్ ముందు కూర్చునేది. మణుగూరు బొగ్గుగనుల కాలనీలోని ఆ ఇంటి నుంచే, అడవి పల్లెలకు తిరిగే ఒక ట్రస్టు అంబులెన్సుల పని నడిచేది. ఆరోగ్య కార్యకర్తలు ఫోన్లో పంపిన కబుర్లు వరసలో నిలబడేవి. బండి ఖాళీ అయినప్పుడల్లా ముందున్న కబురు డ్రైవర్‌కు పోయేది. పని జల్దీ కావాలని ఆమె ఆ వరసను రెడిస్ అనే సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్ మెమరీలోనే ఉంచి, డిస్కు మీద రాయడం ఆపేసింది.

కబురు రాగానే పంపినవాళ్ల నీడ ఒకటి వచ్చి వరండాలో గోడకు ఆనుకుని కూర్చునేది. కబురు డ్రైవర్‌కు చేరితే లేచి వెళ్లిపోయేది. ఉదయశ్రీ తల్లి బతుకమ్మ "జర కాళ్లు ముడుసుకోండ్రి" అంటూ నీడల మధ్యే ఊడ్చేది.

ఆ మధ్యాహ్నం చివరగా వచ్చిన నీడ పిల్లవాడిని ఎత్తుకుని ఉంది.

"ఎండల కూసున్నవేంది బిడ్డా, లోపలికి రా" అని బతుకమ్మ దాన్ని వంటింట్లోకి తీసుకుపోయింది.

అంతలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకోలేదు, మెమరీలో ఉన్నదంతా చెరిగిపోయింది. కంప్యూటర్ మళ్లీ లేచేసరికి వరసలో ఒక్క కబురూ లేదు, వరండాలో ఒక్క నీడా లేదు.

ఉదయశ్రీ ఫోన్ అందుకుంది. పంపినవాళ్ల ఫోన్లలో 'అందింది' అని పడి ఉంటుంది. బండి వస్తుందని వాళ్లు ఎదురుచూస్తూనే ఉంటారు. కార్యకర్తలందరికీ ఫోన్లు చేసింది. దొరికినవాళ్ల కబుర్లు మళ్లీ ఎక్కించింది. కానీ గుట్టెక్కి, సిగ్నల్ పట్టి, కబురు పంపి దిగిపోయినవాళ్ల సంగతి ఎట్లా తెలిసేది?

"శ్రీ! ఇగో, ఈమె ఇంకా ఈడనే ఉంది" అని తల్లి పిలిచింది.

ఉదయశ్రీ వంటింట్లోకి పరుగెత్తింది.

"నేను కార్యకర్త గోరిని అక్కా" అంది నీడ సన్నటి గొంతుతో. "వాగవతలి తండాల ఉన్న. పిల్లగాన్ని పాము కరిచింది."

ఉదయశ్రీ డ్రైవర్ హరిప్రసాద్‌కు ఫోన్ చేసింది. "అన్నా, వాగవతలి తండాకు జల్దీ పో. పాము కాటు."

"నా ఫోన్ల కబురేం పడలేదు గద చెల్లె?"

"మా వంటింట్ల ఉందన్నా."

"అవ్, పోతున్న."

నీడ పిల్లవాడిని భుజం మీదికి సర్దుకుని గడప దాటింది.

ఆ తర్వాత ఉదయశ్రీ ముద్ద ముట్టలేదు. ప్రతి కబురూ ముందు డిస్కు మీద పడేటట్టు మార్చింది. ఇక వరస కాస్త మెల్లగా నడుస్తుంది, నడవనీ అనుకుంది.

పొద్దుగూకే వేళ దవాఖానా నుంచి హరిప్రసాద్ ఫోన్ చేశాడు.

"పిల్లగాడు సూది నొప్పికి ఒకటే ఏడుస్తున్నడు చెల్లె. ఇనవడ్తుందా?"

ఫోన్‌ను చెవికి గట్టిగా ఆనించుకుని ఆమె చాలాసేపు విన్నది.

"ఇనవడ్తుందన్నా," అంది. "జరసేపు ఏడ్వనియ్యి."