లోపలి కుట్టు

టీ గిన్నెలో ముందు పాలు పోయాలి, తర్వాత చిక్కటి డికాషన్, ఆపైన నీళ్లు కాచే ఇత్తడి సమోవర్ నుంచి మరిగే నీళ్లు. సగానికి మించి నింపకూడదు. నిండా పోస్తే ‘తాగి లేచి పోండి’ అన్నట్టు. ఈ మర్యాద కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఏనాడూ కోడలుగా పుట్టి ఉండడు. పదిమంది ఆడవాళ్లు కూర్చుంటే సగం సగం గిన్నెలు ఎన్నిసార్లు తిరుగుతాయో ఆ సమోవర్‌కి తెలుసు, అక్మరల్ నడుముకి తెలుసు. ఎనిమిది నెలల పొట్ట ముందుకి వేలాడుతుండగా ఒక మోకాలు మడిచి కూర్చుని పోస్తూనే ఉంది. అప్పుడంది ఆ మాట, అత్తగారు జిబాష్.

“ఈసారి బొడ్డు కోసేది మా బాతిమ వదినే. డాక్టరమ్మ లోపలికి రానిస్తుందట, కనుక్కున్నాం. పోయినసారిలా ఊరూ పేరూ లేని కత్తెరకి వదలం.”

ఆడవాళ్లు నవ్వారు. ఆ స్టెప్పీ గడ్డిమైదానాల పల్లెలో బొడ్డు కోసినామె బిడ్డకి రెండో తల్లి. బిడ్డకి ఆవిడ గుణాలే వస్తాయి. జిబాష్ ఆడపడుచు బాతిమ ఇప్పటికి నలభై ఒక్కమందికి బొడ్డు కోసింది, అందుకు మర్యాదగా నలభై ఒక్కసార్లు కొత్త కోటు కప్పించుకుంది. ఆవిడకి దక్కనిది ఈ ఇంటి పెద్దమనవరాలు, అక్మరల్ కూతురు తోగ్జాన్ ఒక్కతే.

“అందుకే కదూ అది ఎవరి మాటా వినదు! కత్తెర గుణం!” అంది బాతిమ.

“ఏం చేస్తాం వదినా, మా కోడలు నొప్పులకి తాళలేకపోయింది. కోసి తియ్యాల్సొచ్చింది. ఈ కాలం పిల్లలు పంటినొప్పికీ మత్తు అడుగుతారు.”

ఇక పురుడు కథలు మొదలయ్యాయి. జిబాష్ తల్లి వలస దారిలో, నడుస్తున్న ఒంటెమీదే కన్నదట. ఒంటెకి కూడా తెలియలేదట. వెనక తోడేళ్లు తరుముతుంటే బొడ్డు పంటితో కొరికి, బిడ్డని కోటులో చుట్టి, ఆ సాయంత్రం విడిదిలో అందరికీ టీ కాచి పోసిందట. అక్మరల్ పెళ్లయి వచ్చిన ఏడాది ఆ కథలో రెండు తోడేళ్లుండేవి. ఈ ఏడు తేలినవి తొమ్మిది. ఇంకొకావిడ గడ్డి కోస్తూ కని, కొడవలి పక్కన పెట్టకుండానే ఆ వరస పూర్తి చేసింది. మరొకావిడ నిద్రలో కన్నది. తెల్లారి లేచి, పక్కన ఏడుస్తున్నదెవరా అని వెతికిందట.

అందరి కథలూ అయ్యాక అక్మరల్ వైపు ఎవరూ చూడలేదు. ఆమె దగ్గర కథ లేదు. ఉన్నదల్లా ముక్కలు. పరుగెడుతున్న ఆసుపత్రి బండిమీద పడుకుని పైకప్పు దీపాలు ఒక్కొక్కటే వెనక్కి పోవడం చూసింది. ‘ఎక్కడికి తీసుకెళ్తున్నారు, బిడ్డకేమైంది’ అని అడిగింది. ఒకసారి కాదు, మూడుసార్లు. పక్కన నడుస్తున్న వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు గానీ ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మొహంమీద ముసుగు. తర్వాత మంట, పొత్తికడుపు మీద అడ్డంగా జానెడు కుట్టు. నలభై రోజులు ఆ కుట్టుని అరచేత్తో నొక్కి పట్టుకుని లేచేది, కూర్చునేది, తుమ్ము వస్తే భయపడేది. ‘కనలేదుగా, ఇంకెందుకు నొప్పి?’ అనేది అత్తగారు, నిజంగానే అర్థం కాక. అయిదేళ్లుగా అక్మరల్‌కీ అదే అనుమానం. తను కన్నదా, కనలేదా? కన్నవాళ్ల వరసలో కూర్చునే హక్కు తనకుందా? ఇలాంటిది ఎవరినడగాలి? మొగుడు మంచివాడే. కానీ పొట్ట సంగతి ఎత్తితే ట్రాక్టరు కిందకి దూరతాడు.

ఆ వారం దగ్గర్లోని చిన్న పట్నంలో కొత్త డాక్టరమ్మ ఆమె పొట్ట తడిమి చూసి, “పోయినసారి లోపల ఎటు కోశారు?” అని అడిగింది.

“అడ్డంగానే. కనిపిస్తోందిగా.”

“అది చర్మం మీది కుట్టు. పైకుట్టు చూసి లోపలి కుట్టు చెప్పలేం. గర్భసంచి మీద కింద అడ్డంగా కోసుంటే, మిగతావి బాగుంటే, మామూలు కాన్పుకి ప్రయత్నించొచ్చు. నిలువుగా కోసుంటే మాత్రం నొప్పులు రానివ్వకూడదు. ఆ కుట్టు విడిపోతే నీకూ బిడ్డకీ ప్రాణగండం. పోయినసారి ఆపరేషన్ కాగితం తీసుకురా. అది చూశాక ఇద్దరం మాట్లాడుకుందాం.”

ఇంటికొచ్చి మొగుడు దూమన్‌ని అడిగింది.

“నాకేం తెలుసు? ఆ రోజు నన్ను గేటు బయటే ఆపేశారు. అమ్మనడుగు.”

అమ్మనడిగింది.

“కాగితమా? కాగితాలు కంటాయేమే పిల్లల్ని! బాతిమ వదినకి కోటు కుట్టించడం కూడా అయిపోయింది. ఇప్పుడు మళ్లీ కోత అంటే ఆవిడ ఈ గడప తొక్కుతుందా?”

కోటు కుట్టు అత్తగారికి తెలుసు. గర్భసంచి కుట్టు ఎవరికీ తెలియదు. రెండ్రోజుల తర్వాత అక్మరల్ పొత్తిగుడ్డలు కొనాలని చెప్పి, నలుగురు పట్టే కారులో అయిదో మనిషిగా ఇరుక్కుని, తోగ్జాన్ పుట్టిన పెద్ద ఊరి ఆసుపత్రికి వెళ్లింది. పాత కాగితాల గదిలో ఒకావిడ పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటోంది.

“ఎవరి కోసం?”

“నాకోసమే.”

“నీదేనా? ఇక్కడికి లాయర్లొస్తారు, మొగుళ్లొస్తారు. కన్నది రావడం నేను చూళ్లేదు,” అంటూ గింజలు పక్కన పెట్టి లేచింది.

కాగితంలో ఉంది. బిడ్డ అడ్డం తిరిగి ఉంది, ఉమ్మనీరు పోయింది. గర్భసంచి నిలువుగా కోసి తీశారు. అంటే నొప్పులకి తాళడం, తాళకపోవడం అన్న మాటే లేదు. ఒంటెమీద ఎక్కించినా ఆ బిడ్డ ఆ దారిన వచ్చేది కాదు. కింద ఇంకో వాక్యముంది: ‘రోగి మాట్లాడే స్థితిలో లేదు. బంధువుకి వివరించి సంతకం తీసుకున్నాం. మరోసారి నొప్పులు రానివ్వరాదని చెప్పాం.’ దాని కింద, పాతకాలం బడిలో నేర్చిన గుండ్రటి అక్షరాలతో జిబాష్ సంతకం.

మాట్లాడే స్థితిలో లేదట! మూడుసార్లు అడిగిన మనిషి! అక్మరల్ కాగితం నకలు తీసుకుని, ఆ గది బయట బల్లమీద కూర్చుని ఆ వాక్యం మళ్లీ చదివింది. ఏడుపు రాలేదు. తనకి జరిగిన సంగతి తనకి తప్ప అందరికీ చెప్పారు.

మర్నాడు డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆపరేషన్‌కీ భయాలున్నాయి: రక్తం పోవచ్చు, కోలుకోవడం ఆలస్యం, ఇంకో బిడ్డ కావాలనుకుంటే అప్పటికి మరింత చిక్కు. నొప్పుల కోసం ఆగితే ఉన్న భయం వీటన్నిటికంటే పెద్దది. “నా సలహా ఆపరేషనే. ఒప్పుకోవడం మాత్రం నీ చేతిలో ఉంది,” అంది. అక్మరల్ తోచిందల్లా అడిగింది. మెలకువగా ఉండొచ్చా? ఉండొచ్చు, నడుము కిందకే మత్తు. బిడ్డని వెంటనే చూపిస్తారా? చూపిస్తారు. నర్సు రెండుసార్లు తలుపు తీసి విసుగ్గా చూసింది. మూడోసారి తలుపు తీసేసరికి అక్మరల్ సంతకం పెడుతోంది.

ఇంటికొచ్చేసరికి జిబాష్ ఒక్కతే పిండి పిసుకుతోంది. అక్మరల్ పాత కాగితం ఆవిడ ముందు పరిచింది.

“ఇది మీ సంతకమేనా అత్తయ్యా?”

జిబాష్ చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

“అంతా మీకు చెప్పామని రాశారు.”

“చెప్పాడు ఆ డాక్టరు,” అంది ముసలామె. “రష్యన్‌లో. గబగబా, నిలబడే చెప్పాడు. నాలుగు మాటల్లో ఒకటి తెలిసింది నాకు. మళ్లీ చెప్పు నాయనా అంటే పల్లెటూరి మొద్దు అనుకుంటాడని... తలూపా. వేలు పెట్టి చూపించిన చోట రాశా.”

“మరి నేను తాళలేదని ఊరంతా చెప్పారే?”

“వదిన అడిగింది, ఎందుకు కోశారని. ఏదో ఒకటి చెప్పాలిగా. తెలీదంటే ఆవిడ వదుల్తుందా? ముప్పై ఏళ్ల నుంచి ఆవిడ ముందు ‘నాకు తెలీదు’ అనడం నా వల్ల కాలేదే.”

ఆవిడ కళ్లు తుడుచుకోబోయి చేతుల పిండి చూసుకుని ఆగింది. అక్మరల్‌కి జాలి వేసింది. అయిదేళ్లకి ఆ జాలి సరిపోదని కూడా తెలిసింది. కాగితంలో ఉన్నదంతా, డాక్టరమ్మ చెప్పిందంతా తమ భాషలో నెమ్మదిగా ఆవిడకి చెప్పింది. తెలియని చోట ఆపమంది. ఆవిడ రెండుచోట్ల ఆపింది.

“వచ్చే గురువారం వెళ్తున్నాను అత్తయ్యా. నొప్పులు రాకముందే.”

జిబాష్ చేతుల పిండి దులుపుకుంది. తర్వాత భయంగా, చిన్నపిల్లలా అడిగింది.

“వదినకి ఏం చెప్పనే?”

“కోయించుకోవాలని కోడలే నిర్ణయించుకుందని చెప్పండి. ఈసారి అది నిజమే.”