గొర్రెలెక్కితేనే మోగే బండి

మా సరుకుల బండికి ఒక రోగం ఉండేది. ఆ రోగానికి సిగ్గు కూడా ఉండేది. మెకానిక్ కంటపడితే చాలు, నోరు మూసుకునేది. ఇంటికి తెచ్చి గొర్రెలను ఎక్కించామో లేదో, యాలాల్ దాటకముందే ముందు చక్రాల దగ్గర ఠక్కుమని మొదలుపెట్టేది. స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ ఠక్. కాళ్ల కింద ఎవరో సుత్తితో కొట్టినట్టు ఉండేది.

ఆ చప్పుడు మీద నాకున్నంత కోపం ఇంకెవరికీ లేదు. నాకూ స్టీరింగ్‌కూ మధ్య అడ్డం పడింది అదే మరి.

వికారాబాద్‌లో డ్రైవింగ్ స్కూలుకు పోయి నేర్చుకున్నాను, లైసెన్సు తెచ్చుకున్నాను. దగ్గరుండి పంపించింది కూడా మా ఆయనే. పరమేశ్ నాకు మేనబావ. చిన్నప్పటి నుంచీ కొట్టుకుంటూ పెరిగాం కాబట్టి ఒకరంటే ఒకరికి భయం లేదు. కార్డు వచ్చిన రోజు దాన్ని జేబులో పెట్టుకుని ఊరంతా చూపించి వచ్చాడు. బండి తాళం అడిగితే మాత్రం తల గోక్కున్నాడు.

"సప్పుడున్న బండి నీకెట్లిస్త పూజితా? సప్పుడు పోనీ, అప్పుడిస్త."

నిజం చెప్పాలంటే బావ ఊరికే కూర్చోలేదు. ఒకసారి షాక్ అబ్జార్బర్లు మార్పించాడు, ఇంకోసారి రబ్బరు బుష్‌లు వేయించాడు. ప్రతి మెకానికూ ఖాళీ బండిని ఒక చుట్టు తిప్పి, బంగారం లెక్కుంది పొమ్మన్నాడు. కందుల బస్తాలు వేసుకుని తాండూరు పోతే కూడా కిక్కురుమనేది కాదు. గొర్రెలెక్కితే చాలు, మళ్లీ మొదలు. బండికి దిష్టి తగిలిందని మా అత్త మైసమ్మ బంపరుకు నల్లదారం కట్టింది. ఊళ్లో ప్రతివాడూ ఒక డాక్టరై ఒక మందు చెప్పాడు. వింటుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

తోలాలని అంత పిచ్చి ఎందుకని ఎవరైనా అడిగితే నా దగ్గర పెద్ద కారణమేమీ లేదు. అంగడికి పోవచ్చు, గడ్డి తెచ్చుకోవచ్చు, అవన్నీ ఉన్నాయి. కానీ అసలు సంగతి అది కాదు. ఆ ఎత్తు సీట్లో కూర్చుని గేరు వేస్తే అంత బండీ నా చేతుల్లో కదలాలి. నాకు అదే కావాలి, అంతే.

మర్పల్లి అంగడి రోజు పొట్టేళ్లను ఎక్కించుకుని తెల్లారగానే బయలుదేరాం. యాలాల్ దగ్గర ఒక ఠక్. తాండూరు పొలిమేరలో ఇంకో ఠక్. నాకు ఒక్కసారిగా ఆలోచన తట్టింది, సీట్లోనే ఎగిరినంత పని చేశాను.

"బావా, బండి భీమయ్యన్న షెడ్డుకు తిప్పు!"

"పొట్టేళ్లతోనా?"

"పొట్టేళ్లతోనే! జరమున్నప్పుడే డాక్టరుకు చూపియ్యాలె గని, తగ్గినంక చూపిస్తే ఏం లాభం?"

"నీకేమన్న పిచ్చా? అందరు నవ్వుతరు."

"నవ్వనియ్. పండ్లు రాలుతయా?"

బావ గొణుక్కుంటూనే తిప్పాడు. భీమయ్య షెడ్డు నాపరాళ్లు నున్నగా చేసే కార్ఖానాల వరుసలో ఉంటుంది. రాళ్ల లారీలు తిరిగీ తిరిగీ ఆ రోడ్డు గుంతలమయం. షెడ్డు ముందే పెద్ద స్పీడ్ బ్రేకర్ కూడా ఉంది, మాకు కావలసింది అదే. భీమయ్య మీసాల మెకానిక్, బావకు పాత పరిచయం. ఉత్సాహం వస్తే మాట కన్నడంలోకి జారిపోతుంది. బండి నిండా అరుస్తున్న పొట్టేళ్లను చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏందిరా పరమేశా, గొర్రెలకు సర్వీసింగా?"

నేను దిగి సంగతంతా గుక్కతిప్పుకోకుండా చెప్పాను. వింటుంటే ఆయన నవ్వు ఆగింది.

"మంచి పని జేసినవ్ చెల్లె. ఇన్నొద్దులు నాకు ఖాళీ బండి దెస్తే నాకేమెరుక?" అని చేతులు తుడుచుకున్నాడు. "రెండు చక్రాలకు రెండు జతల కండ్లు కావాలె. నేను బ్రేకర్ కాడ ఎడమదిక్కు కూసుంట. నువ్వు కుడిదిక్కు కూసో పరమేశా. కన్ను తిప్పొద్దు. మరి బండెవరు తోలుతరు? నా పనోళ్లు ఇంక రాలే."

బావ రోడ్డుకు అటు చూశాడు, ఇటు చూశాడు. చాయ్ హోటల్ వైపు చూశాడు. నా వైపు మాత్రం చూడలేదు.

"ఏమయ్యా, చెల్లెకు లైసెన్సొచ్చిందని నాకు మిఠాయి వెడితివి గద?" అన్నాడు భీమయ్య.

బావ జేబు తడుముకున్నాడు. తాళం నా చేతిలో పెట్టి, "జర మెల్లగ" అన్నాడు.

బండి కంటే ముందు నా గుండె స్టార్టయింది. సీటు ముందుకు జరుపుకున్నాను, అద్దం సరిచేసుకున్నాను, గేరు వేశాను. వెనక పొట్టేళ్ల బరువుతో బండి నిదానంగా కదిలింది. కారు లాగా కాదు, బరువైన మనిషిని చెయ్యి పట్టుకుని లేపినట్టు లేచింది. నాకు నవ్వాగలేదు. కాలు ముందే తీసేసి స్పీడ్ బ్రేకర్ మీదికి మెత్తగా ఎక్కించి దించాను.

చప్పుడు లేదు.

తిప్పుకుని వచ్చాను. మళ్లీ లేదు. మూడోసారి కూడా లేదు. చాయ్ హోటల్ ముందు గ్లాసులు పట్టుకుని నిలబడ్డవాళ్లు రోడ్డు మీదికి వచ్చేశారు.

"చెల్లె చెయ్యి వడంగనే బండి మాటిన్నది!" అని ఎవరో అరిచారు.

బావ పరుగెత్తుకుంటూ వచ్చి కిటికీ పట్టుకున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఏం మంత్రమేసినవే! ఇగ అంగడిదాక నువ్వే తోలు. ఇయ్యాలే గాదు, ఎప్పటికి నువ్వే తోలు. బండి నీ చేతికి అచ్చొచ్చింది!"

అంతమంది ముందు అన్నాడు. నేను ఇన్నాళ్లు పోట్లాడింది ఆ ఒక్క మాట కోసమే. అది వచ్చి ఒళ్లో పడింది. ఇక నోరు మూసుకుని బండి ముందుకు తోలుకుపోతే చాలు.

కానీ మంత్రం ఏమీ లేదని నాకు తెలిసిపోయింది. బావ తోలేది బ్రేకుతో. స్పీడ్ బ్రేకర్ ముక్కు దాకా వేగంగా పోయి, అప్పుడు బలంగా తొక్కుతాడు. పక్కన కూర్చున్న నేను ముందుకు తూలి డ్యాష్‌బోర్డు పట్టుకుంటాను. వెనక పొట్టేళ్లన్నీ ఒక్కుమ్మడిగా క్యాబిన్ మీదికి వచ్చి పడతాయి. ఠక్ వచ్చేది సరిగ్గా అప్పుడే. బస్తాలకు ఎందుకు రాదో కూడా అర్థమైంది. తాడు కట్టిన బస్తా కదలదు, పొట్టేలు కదులుతుంది. నేను మెత్తగా పోయాను కాబట్టి అవి కదల్లేదు. రోగం బండిలోనే ఉంది, నేను దాన్ని లేపలేదు, అంతే.

చెప్పకపోతే ఏమవుతుంది అనుకున్నాను. అబద్ధం ఎందుకు, గట్టిగానే అనుకున్నాను. ఎప్పుడూ మెత్తగానే తోలుకుంటాను, ఎప్పుడూ చప్పుడు రాదు, బండి ఎప్పటికీ నాదే. స్టీరింగ్ మీద నుంచి చేతులు తీయబుద్ధి కాలేదు.

కానీ మర్పల్లి దారిలో అనంతగిరి ఘాటు రోడ్డు ఉంది. ఆ దిగుడులో మలుపు తిరగగానే ఎదురుగా ఏ కోతో, ఏ బైకో అడ్డం వస్తే మెత్తగా నొక్కుతానా? బలంగానే తొక్కుతాను. అప్పుడు ముందు చక్రాల దగ్గర విరిగేది ఏదో, ఊడేది ఏదో ఎవరికి తెలుసు? పక్కన బావ ఉంటాడు. నా మీద నాకే కోపమొచ్చింది.

"బావా, పోయి మల్ల కూసో!" అని అరిచాను. "సప్పుడు పోలే. చూపిస్త ఆగు!"

"పోయింది గదనే!"

"కూసో అంటున్న గద!"

ఈసారి బావ లాగే పోయాను. వేగంగా స్పీడ్ బ్రేకర్ దాకా పోయి, బ్రేకు బలంగా తొక్కాను. పొట్టేళ్లు ధడాలున వచ్చి క్యాబిన్‌కు గుద్దుకున్నాయి.

ఠంగ్!

స్టీరింగ్ నా చేతుల్లోంచి ఎడమకు గుంజుకుంది. చాయ్ గ్లాసులవాళ్లు అరెరే అన్నారు. అద్దంలో బావ ముఖం చూశాను, పాలిపోయి ఉంది. ఎడమ వైపు నుంచి మాత్రం భీమయ్య నేల మీద నుంచి లేచి గంతులు వేస్తున్నాడు.

"సిక్తు! సిక్తు! దొరికింది చెల్లె! ఇంకొక్కసారి తొక్కు!"

ఇంకోసారి తొక్కాను. ఇంకోసారి ఠంగ్. అందరం ఎడమ చక్రం దగ్గరికి ఉరికాం. బండి బరువు మోసే కమాన్ పట్టీలు ఇరుసు మీద కట్టగా ఉంటాయి. బ్రేకు పడగానే చక్రం ఆగుతోంది గానీ, ఆ కట్ట ఇరుసు మీద వేలెడంత ముందుకు జారి గుద్దుకుంటోందని భీమయ్య చేత్తో చేసి చూపించాడు. చెబుతూ సగం కన్నడం, సగం తెలుగు. నాకు మాత్రం ప్రతి ముక్కా అర్థమైంది.

పొట్టేళ్లను దింపి నాపరాళ్ల దొంతుల పక్కన కట్టేశాం. అవి చాయ్ హోటల్‌వాళ్ల కొత్తిమీర కట్టను క్షణంలో ఖాళీ చేశాయి, మేము పట్టించుకునే స్థితిలో లేము. జాకీ ఎత్తి, పట్టీలను ఇరుసుకు బిగించే క్లాంపులు విప్పారు. కట్టను కుట్టినట్టు మధ్యలో దిగే బోల్టు ఒకటి ఉంటుంది. అది రెండు ముక్కలై భీమయ్య అరచేతిలో పడింది. నేను చప్పట్లు కొట్టాను. విరిగిన ఇనుప ముక్కను చూసి అంత సంబరపడ్డది నేనొక్కదాన్నే అయి ఉంటాను.

"ఇరిగిన కాడ తుప్పు చూడు. ఎప్పుడో ఇరిగింది," అన్నాడు భీమయ్య, నవ్వకుండా. "ఇన్నొద్దులు గీ క్లాంపులే ఆపినయి. గవ్వి గూడ ఒదులైనయి. ఘాటుల గట్టిగ తొక్కితే ఇరుసు పక్కకు గుంజుకపోతుండె. ఇగ చెప్పకుంటనే మంచిది."

బావ ఆ ముక్కలను చేతిలోకి తీసుకుని ఒకదానికొకటి అతికించి చూశాడు.

కొత్త బోల్టు వేసి, బండి బరువు చక్రాల మీదికి దించి, క్లాంపులు పొడుగు పానాతో కసిగా బిగించాడు భీమయ్య. పొట్టేళ్లను మళ్లీ ఎక్కించాం. ఆఖరిది ఎక్కుతుండగానే బావ స్టీరింగ్ ముందు కూర్చుని స్టార్ట్ చేశాడు. వేగంగా పోయి తొక్కాడు. నిశ్శబ్దం. తిప్పుకొచ్చి ఇంకా బలంగా తొక్కాడు. నిశ్శబ్దం! కిటికీలోంచి చెయ్యి ఊపుతూ ఈలలు వేస్తూ తిరుగుతున్నాడు. హోటల్‌వాళ్లు కూడా ఈలలు వేశారు. నేనూ ఎగిరాను, ఎగిరి ఆగిపోయాను. రోడ్డు పక్కన నిలబడింది నేను, తోలుతున్నది అతను. ఎప్పటికి నువ్వే అన్న మాట అతనికి గుర్తుందో లేదో. అడగకూడదని పంతం పట్టాను, కళ్లలో మాత్రం నీళ్లు తిరిగాయి.

బండి వచ్చి షెడ్డు ముందు ఆగింది. భీమయ్య కిటికీ దగ్గరికి పోయాడు.

"బోల్టును ఇరగ్గొట్టింది రాళ్ల రోడ్డు గాదు పరమేశా, నీ కాలు." చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. "అంగడి నుంచి మర్లొచ్చేటప్పుడు ఈడ ఆపు. బరువు మీద తిరిగినంక క్లాంపులు మల్ల బిగియ్యాలె. మరువకు."

బావ ఇంజన్ ఆపలేదు. తలుపు తీసి దిగాడు.

"నాకెందుకు జెప్తున్నవన్నా? తోలేటామెకు చెప్పు."

ఎవరూ నవ్వలేదు. బావ నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఊకుంటే ఊకెనే దొరుకుతుండె గదనే నీకు బండి. మల్లెందుకు మోగించినవ్?"

"బండి దొరుకుతుండె," అన్నాను. "ఘాటుల ఏమన్నయితే నువ్వు దొరుకుతుంటివా?"

బావ మెడలోని తువ్వాలతో ముఖం తుడుచుకుని, ముందు సీటు వైపు కాకుండా వెనక్కి నడిచి, డాలా పలక పట్టుకుని పొట్టేళ్ల మధ్యలోకి ఎక్కాడు.

"ఆడెందుకు? ముందట కూసో!"

"పక్కన కూసుంటే నా కాలు ఊకోదు. ఊకె బ్రేకు తొక్కుతది," అన్నాడు, ఒక పొట్టేలు మెడ చుట్టూ చెయ్యి వేసి. "నడువు పూజితా, అంగడి అయిపోతది."

నేను కళ్లు తుడుచుకుని ఎక్కి, అద్దం సరిచేసుకుని, మర్పల్లి దారి పట్టించాను.