పౌడరు కాని చుక్కలు

స్వీటీ రొమ్ము ఎక్స్‌రేలు తీసే పనిలో పదకొండేళ్లుగా ఉంది. ఆ ఆదివారం చాంద్రాయణగుట్టలో ఒక ఫంక్షన్ హాలు ముందు పరీక్షల బస్సు ఆపి ముప్పై ఎనిమిది మందికి తీశారు. ఈమధ్య వాటిని మొదట కంప్యూటరే చూస్తోంది. అనుమానం ఉన్నచోట ఎర్రగీత చుట్టి ఇస్తుంది. సాయంత్రానికి ఒకే ఒక్క గీత వచ్చింది. కిషన్‌బాగ్ ఖైసర్ బేగం, యాభై మూడేళ్లు. ఎడమ రొమ్ములో చంక వైపు, ఉప్పురవ్వల్లాంటి తెల్లచుక్కలు.

స్వీటీ డాక్టరుకు ఫోన్ చేసింది.

"పౌడరైనా గిట్లనే కనబడతది," అన్నాడాయన. "తుడిపించినవా?"

"తుడిపించిన సార్."

అన్నాక అనుమానం పట్టుకుంది. మధ్యాహ్నం కరెంటు పోయింది, బస్సు బయట ఒకటే లొల్లి. ఆమెకు తడిగుడ్డ ఇచ్చిన మాట నిజమేనా, అందరికీ ఇచ్చే అలవాటుతో అలా అనిపిస్తోందా?

"ఎందుకన్న మంచిది, మళ్ల తియ్యి," అన్నాడు డాక్టరు.

ఖైసర్ బేగం రాసిచ్చిన నంబరు మోగిందేగానీ ఎవరూ ఎత్తలేదు. మర్నాడు డ్యూటీకి ముందే స్వీటీ కిషన్‌బాగ్ బయల్దేరింది. దారి పొడుగునా ఒకటే ప్రార్థన: ప్రభువా, అవి పౌడరు చుక్కలే కానియ్యి, తప్పు నాదే కానియ్యి. పనిలో ఎన్నడూ ఒకరితో మాట పడని మనిషి, తను ఏమరుపాటుగా ఉండి ఉండాలని దేవుణ్ని వేడుకుంటోంది.

ఖైసర్ బేగం గడపలోనే ఆపింది. వెనక కోడలు హఫ్సా పిండి చేతులతో నిలబడింది.

"మళ్లెందుకు? ఏం కనబడ్డది?"

"పౌడరో ఇంకోటో తెలుస్తలేదు ఖాలా. కడుక్కొని ఒక్కసారి రావాలె."

"నేను పౌడర్ రాసుకోను బేటీ. నాకు పడదు, దద్దుర్లొస్తయ్."

తప్పు తనది కాదని స్వీటీకి తెలిసిపోయింది. హఫ్సా ఆమె ముఖం చూసింది. "నడువుండ్రి అమ్మీ, నేను గూడ వస్త," అని చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లింది.

రెండోసారి ఆసుపత్రిలో స్వీటీ తానే తుడిచి తీసింది. చుక్కలు ఉన్నచోటే ఉన్నాయి. సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితానికి తొమ్మిది రోజులు. ఖైసర్ బేగం పొద్దున్నే ఫోన్ చేసేది. "వచ్చిందా బేటీ?" "రాలే ఖాలా." అంతే, పెట్టేసేది. ఎనిమిదో రోజు ఫోన్ రాలేదు. స్వీటీ మధ్యాహ్నం దాకా చూసింది. చివరికి తనే చేసింది.

"రోజు నిన్ను సతాయిస్తున్న గదా అని చెయ్యలే," అంది ఖైసర్ బేగం.

మర్నాడు ఫలితం వచ్చింది. క్యాన్సరే. కానీ పాలనాళం దాటి బయటికి రాలేదు, చేతికి తగిలే గడ్డా కాలేదు. చిన్న ఆపరేషన్, తర్వాత మూడు వారాలు రేడియేషన్. ప్రాణభయం లేదన్నాడు డాక్టరు.

రేడియేషన్ చివరి రోజు ఖైసర్ బేగం స్వీటీని వెతుక్కుంటూ ఎక్స్‌రే గదికి వచ్చింది.

"నీకెన్నేండ్లు?"

"నలభై నాలుగు."

"నువ్వు తీయించుకున్నవా?"

స్వీటీ తల అడ్డంగా ఊపింది.

"భయమా?"

"భయమే ఖాలా."

ఖైసర్ బేగం బుర్ఖా సర్దుకుని గది ముందున్న బెంచీ మీద కూర్చుంది. "పో, తీయించుకో. అయ్యేదాంక నేనీడనే ఉంట."