ప్రభువు బల్ల గుడ్డ మీద మరకలు

ప్రభువు బల్ల మీద పరిచే గుడ్డని పిండకూడదు. పిండితే అంచు లేసు సాగిపోతుంది. నీళ్ళలోంచి పసిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతుల మీదా ఎత్తి, నీళ్ళు కారేదాకా ఓపిక పట్టి, అప్పుడు తీగ మీద వేయాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ చర్చికి ఈ గుడ్డ ఉతికిపెట్టేది నేనే. మా ఆయన సంఘపెద్ద. వాక్యం చెప్పడం ఆయన వంతు, ఉతకడం నా వంతు. ఒకసారి బల్ల మీద పంచే ద్రాక్షరసం మరక అంచున కాస్త మిగిలిపోయింది. ఆ మధ్యాహ్నం భోజనం దగ్గర ఆయన కంచంలోంచి తల ఎత్తకుండానే అన్నారు: "సంఘపెద్ద భార్య ఉతికిన గుడ్డేనా అది? దేవుడు చూస్తున్నాడే. కాస్త భయముండాలి."

దేవుడు చూస్తున్నాడన్న మాట మా ఇంట్లో ఉప్పులాంటిది, అన్నిట్లోనూ పడేది. పాలు పొంగిపోతే చూస్తున్నాడు. నేను పుస్తకం పట్టుకుంటే మరీ చూస్తున్నాడు. అలా నాకు దేవుడు రెప్ప వేయని ఒక పెద్ద కన్నుగా ఉండిపోయాడు. ఆయన్ని నేను కూడా చూడొచ్చని ఎవరూ అనలేదు.

చదువు నాకు ఎవరూ చెప్పలేదు. పాటలన్నీ నోటికి వచ్చు కాబట్టి, చర్చిలో పాటల పుస్తకం తెరిచి, నోట్లోని మాటకి వేలు కింద ఏ అక్షరం ఉందో పోల్చుకుంటూ నేర్చుకున్నాను. ఆ తర్వాత అలమరల్లో పరిచిన పాత పేపర్లు, పొట్లాల కాగితాలు, ఏవీ వదల్లేదు. కళ్ళు పోతాయేమోనన్న భయం నాకు చావు భయం కంటే ఎక్కువ. ఈ ఇంట్లో నాకంటూ ఉన్నవి అవే.

అందుకే సూర్యగ్రహణం సంగతి చదివినప్పుడు ఆశా భయమూ ఒక్కసారే పట్టుకున్నాయి. మా ఊళ్ళో సూర్యుడు పూర్తిగా మూసుకుపోతాడట. వట్టి కళ్ళతో చూస్తే చూపు పోతుందట. ఇంతకుముందు ఒకసారి అవకాశం వచ్చి పోయింది నాకు. కొత్త కాపురంలో ఒక సగం గ్రహణం వచ్చింది. మా ఆయనా, స్నేహితులూ డాబా ఎక్కారు. ఆయన పేము కుర్చీ కూడా పైకి మోయించారు. నేను కింద టీ కాస్తూ, "నేనూ ఒక్కసారి రానా?" అంటే, "తర్వాత చూద్దువులే, ముందు టీ తీసుకురా" అన్నారు. ట్రే పట్టుకుని పైకి వెళ్ళేసరికి ఎండ మామూలుగా కాస్తోంది. "అయిపోయింది. ఇందాకటి ఖాళీ కప్పులు కిందికి తీసుకెళ్ళు."

గ్రహణం పోతే పోయింది. కానీ అమ్మకి బాగా లేదని కబురొచ్చినప్పుడూ అదే మాట. ఇంట్లో చర్చి వాళ్ళ మీటింగ్ ఉంది. "వీళ్ళ భోజనాలు కానీ. తర్వాత చూద్దువులే." నేను వెళ్ళేసరికి అమ్మ మంచం ఎత్తి గోడకి ఆనించేశారు. అప్పట్నుంచీ ఎవరైనా గుమ్మం దాటితే చాలు, మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడతాను. ఎవరి చివరి చూపు ఏదో ఎవరికి తెలుసు?

ఈసారి గ్రహణం నాటికి మా ఆయనకి కంటి ఆపరేషన్ అయింది. ఒక కంటికి కట్టు, రెండో కంటికి మసక. పొద్దున్నే చెప్పేశారు: "నేను చూడలేనిది నువ్వు మాత్రం ఏం చూస్తావు? చుక్కల మందు టైముకి కిందే ఉండు." మందు కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదని నర్సు చెప్పిన మాట ఇద్దరమూ విన్నాం. ఆయన మర్చిపోయారు. నేను గుర్తు చేయలేదు.

ఉతికిన గుడ్డ పట్టుకుని డాబా ఎక్కాను. నల్లులు పోవడానికని ఆయన పేము కుర్చీని అంతకుముందే నీళ్ళ ట్యాంకు గట్టు మీద ఎండకి పెట్టాను. దాని నీడ తీగ దాకా వస్తోంది. గుడ్డ ఆరేసి, లేసు సరిచేసి, ఒకడుగు వెనక్కి వేసి చూద్దును కదా, గుడ్డ నిండా మరకలు. గోరు కత్తిరింపుల్లా వంకర మరకలు, వరసలు వరసలుగా.

తడి చెంగుతో రుద్దాను. పోలేదు. గోటితో గీకాను. ఒక మరక నా వేలి మీదకి ఎక్కింది. చెయ్యి తీస్తే మళ్ళీ గుడ్డ మీదికి దిగింది. అరచెయ్యి చాపాను. దాని నిండా మరకలే, వెలుగుతున్న మరకలు. అప్పుడు తల తిప్పి కుర్చీ చూశాను. అల్లికలో ఎన్ని కన్నాలున్నాయో, గుడ్డ మీద అన్ని సూర్యుళ్ళు. సగం కొరికేసిన సూర్యుళ్ళు!

పక్క డాబా మీద టైలరమ్మ గ్రహణం చూసే నల్ల కళ్ళజోడు పెట్టుకుని నిలబడింది. "ఏంటి పిన్నీ, గుడ్డతో పోట్లాడుతున్నారు?"

"మరకలనుకున్నానే! సూర్యుణ్ణి ఉతికేద్దామని చూశాను."

"ఉతికితే కాస్త గంజి కూడా పెట్టండి, ఈమధ్య మరీ నలిగిపోతున్నాడు." పగలబడి నవ్వింది. "నా కళ్ళజోడు ఇస్తా రండి."

"వద్దమ్మా, నాకు భయం. నాకిక్కడే ఉన్నాడు."

కుర్చీ కన్నాల్లోంచి వస్తే, ఇంకెందులోంచి రాడు? రెండు చేతుల వేళ్ళూ జల్లెడలా అడ్డంగా పెట్టి చూశాను. వచ్చాడు. ముడతలు పడ్డ, బట్టల సోడా తినేసిన నా వేళ్ళ సందుల్లోంచి కూడా వచ్చాడు. దేవుడి ముఖం చూసి ఎవరూ బతకలేరని చర్చిలో విన్నప్పుడల్లా నేను ముడుచుకుపోయేదాన్ని. మరి అంతటివాడు, చూడలేనివాళ్ళ కోసం ఇంత చిన్నవాడై గుడ్డ మీదికి దిగి రావడమేమిటి? పశువుల పాకలో పుట్టడమంటే ఇదేనా? నాకెవరూ ఇలా చెప్పలేదే!

"ఏమే! చుక్కలు!" కింద నుంచి కేక.

కాలు దానంతటదే మెట్ల వైపు పడింది. అన్నేళ్ళ అలవాటు. గుడ్డ మీద సూర్యుళ్ళు దారాల్లా సన్నబడుతున్నారు. ఇప్పుడు దిగితే మళ్ళీ ఎండలోకే ఎక్కుతాను. అమ్మ మంచం గుర్తొచ్చింది. మెట్ల దగ్గరే నిలబడి, "అయిపోయాక వస్తానండీ" అన్నాను. గొంతు నాదేనా అనిపించింది.

సూర్యుళ్ళు ఒక్కసారిగా పోయారు. గుడ్డ బూడిద రంగుకి తిరిగింది. చలేసింది. గుమ్మం దాటి పోయేవాళ్ళని చూస్తూ నిలబడ్డట్టే నిలబడ్డాను. "పిన్నీ, ఇప్పుడు వట్టి కళ్ళతోనే చూడొచ్చు, చూడండి!" అని టైలరమ్మ అరిచింది. భయపడుతూనే ముఖం ఎత్తాను. నల్లటి గుండ్రం, చుట్టూ విరబోసిన తెల్లటి జుట్టులా వెలుగు. తలస్నానం చేసి వచ్చిన అమ్మ జుట్టులా.

"ఏమే, కరెంటు పోయిందా?"

"వస్తుందండీ" అన్నాను, ఏడుస్తూ నవ్వుతూ.

వచ్చింది. ఒక చుక్క వెలుగు మెరిసింది. వెంటనే తల దించేసుకున్నాను. గుడ్డ మీదికి సూర్యుళ్ళు తిరిగి వచ్చారు, వంకలు ఈసారి అటు తిరిగి. పోయినవైపు నుంచి కాకుండా ఇంకోవైపు నుంచి వస్తారా పోయినవాళ్ళు? అలా ఎదురుచూడ్డం నాకు తెలియలేదు. ఇన్నాళ్ళూ పోయిన గుమ్మం వైపే చూస్తూ నిలబడ్డాను. "ప్రభువా, నువ్వా?" అన్నాను. ఎవరూ నేర్పని ప్రార్థన అదొక్కటే.

పేము కుర్చీని గట్టు మీంచి దించాను. నా జన్మలో దాన్ని తుడిచానే గాని కూర్చోలేదు. అందులో కూర్చుని, వేళ్ళు అడ్డంగా పెట్టి, గుడ్డ మీద నా సూర్యుళ్ళని నేనే పరుచుకున్నాను.

మా ఆయన గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ తడుముకుంటూ పైకి వచ్చారు. మసక కన్ను చిట్లించి గుడ్డ వైపు చూశారు. "మరకలు పోనేలేదేంటే?"

అయిపోయింది, కిందికి వెళ్ళండి అని అనగలిగి ఉండేదాన్నే. నోటి దాకా వచ్చింది కూడా. "మరకలు కావండీ, సూర్యుడు. ఇంకా ఉన్నాడు. దగ్గరికి వచ్చి చూడండి" అన్నాను.

ఆయన వచ్చి, గుడ్డ ముందు వంగి, చాలాసేపు చూశారు. తర్వాత నడుం పట్టుకుని, కూర్చోడానికి కుర్చీ కోసం వెనక్కి తిరిగారు.

నేను లేవలేదు.